చూస్తుండగానే విడిపోయే ఇంటస్ససెప్షన్: స్కాన్‌లో ఎలా తేల్చుకోవాలి, రిపోర్టులో ఏం రాయాలి?

గ్రేస్కేల్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. తాత్కాలిక ఇంటస్ససెప్షన్ (పేగులో ఒక ముక్క పక్క ముక్కలోకి దూరి, కాసేపటికి తనంతట తానే విడిపోవడం) గురించి పాఠ్యపుస్తకాల్లో ఒకటి రెండు పేరాలకు మించి దొరకదు. రిపోర్టింగ్ గదిలో మాత్రం తరచూ ఎదురవుతుంది. అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

పెద్దవాళ్ల సంగతి ముందు. కిడ్నీ రాయికో, యాక్సిడెంట్ దెబ్బకో, ఇంకేదో కారణానికి పొట్ట సీటీ తీస్తారు. ఎడమవైపు పైభాగంలో జెజునం (చిన్నపేగు ఎగువ భాగం) లూపుల మధ్య కొన్ని స్లైసుల్లో అచ్చమైన టార్గెట్ (ఒకదానిలో ఒకటి ఉన్న వలయాలు) కనిపిస్తుంది. మధ్యలో కొవ్వు, ఆ కొవ్వులో రక్తనాళాలు కూడా ఉంటాయి. దానికి ఎగువనున్న పేగు ఉబ్బి ఉండదు. మనిషికి అక్కడ నొప్పే ఉండదు.

ఇక పిల్లలు. కడుపునొప్పి, వాంతులు అని అల్ట్రాసౌండ్‌కి పంపిస్తారు. బొడ్డు పక్కన ఒకటిన్నర సెంటీమీటర్ల టార్గెట్ దొరుకుతుంది. ప్రోబ్ కాస్త పక్కకు జరిపి మళ్లీ తెచ్చేలోపు మాయమైపోతుంది.

దేన్ని వదిలేయవచ్చు, దేన్ని వదలకూడదు అన్నది ఏ కొలతల మీద నిర్ణయించాలి? మళ్లీ స్కాన్ చేయాలంటే ఎంతసేపు ఆగాలి? సీటీలో లోపలికి లాక్కుపోయిన మెసెంటరీ (పేగుని పట్టి ఉంచే, నాళాలుండే పొర) కొవ్వుకీ, లైపోమాకీ (కొవ్వు గడ్డకీ) తేడా ఎలా పట్టాలి? చివరిది అన్నిటికన్నా ముఖ్యం. రిపోర్టులో "ఇంటస్ససెప్షన్" అని రాస్తే వెంటనే సర్జన్‌కి కబురు వెళ్తుంది. రాయకపోతే కనిపించినదాన్ని దాచినట్టవుతుంది. ఎలా రాయాలి?

లూపువెంట_లూపు

మంచి ప్రశ్న. పెద్దవాళ్ల సీటీ వరకు నేను చెబుతాను, పిల్లల సంగతి ఆ పని రోజూ చేసేవాళ్లు చెబితే బాగుంటుంది.

ముందు లోపల ఏం జరుగుతుందో చూద్దాం, కొలతలన్నీ అక్కడినుంచే వస్తాయి. చొక్కా చేతిని లోపలికి మడిచినట్టు ఎగువ పేగు ముక్క దిగువ పేగులోకి దూరుతుంది. దూరేది ఇంటస్ససెప్టమ్, దాన్ని పట్టుకున్నది ఇంటస్ససిపియన్స్. అడ్డంగా కోసి చూస్తే మూడు గోడలు వస్తాయి: అన్నిటికన్నా బయట పట్టుకున్న గోడ, దానికి ఆనుకుని వెనక్కి మడత పడ్డ గోడ, నడిమధ్యలో లోపలికి వెళ్తున్న గోడ. లోపలి రెండు గోడల మధ్య మెసెంటరీ ఇరుక్కుంటుంది. మెసెంటరీ పేగుకి ఒక అంచునే అతుక్కుని ఉంటుంది కాబట్టి ఆ కొవ్వు నడుమ గుండ్రంగా కూర్చోదు, ఒక పక్కకు నెలవంక ఆకారంలో ఉంటుంది. అందులో నాళాలు చుక్కలుగా, గీతలుగా కనిపిస్తాయి. ఈ నెలవంక, ఆ నాళాలు లేని వలయాలను చూసి ఇంటస్ససెప్షన్ అని తేల్చేయొద్దు. గోడ వాచిన పేగు కూడా అడ్డకోతలో వలయాలుగానే కనబడుతుంది.

తాత్కాలికమైనదానికి లీడ్ పాయింట్ (పేగుని లోపలికి లాక్కెళ్లే గడ్డలాంటిది) ఉండదు. ఒక ముక్క గట్టిగా ముడుచుకుని, దాని పక్క ముక్క వదులుగా ఉన్న క్షణంలో మొదటిది రెండోదానిలోకి జారుతుంది. కదలిక చురుగ్గా ఉండే జెజునంలో ఇది ఎక్కువ, అందుకే మీకు ఎడమ పైభాగంలోనే ఎక్కువగా కనిపిస్తోంది. కాసేపటికి అదే కదలిక దాన్ని విడదీస్తుంది. సిరలు నొక్కుకుపోయి గోడ వాచేంత సమయం దానికి ఉండదు. కాబట్టి సీటీలో పొరలు పలచగా, విడివిడిగా, కాంట్రాస్టు (స్కాన్ కోసం నరంలోకి ఇచ్చే మందు) మామూలుగా పట్టుకునే ఉంటాయి. పొరల మధ్య నీరు ఉండదు. ఎగువ పేగు మామూలు వెడల్పులో ఉంటుంది.

కొలతల్లో అన్నిటికన్నా పనికొచ్చేది పొడవు. 3.5 సెం.మీ. కన్నా తక్కువ ఉంటే తనంతట తానే విడిపోయే అవకాశం బాగా ఎక్కువ. అయితే ఈ పొడవుని యాక్సియల్ (ఒంటికి అడ్డంగా కోసిన) స్లైసులు లెక్కపెట్టి రాయకండి. పేగు వంకరగా పోతుంది. కరోనల్‌లోనో (ముందు నుంచి చూసే కోత), పేగు వెంట వాలుగా తిప్పిన రీఫార్మాట్‌లోనో కొన (దూరిన ముక్క చివర) నుంచి మెడ (అది లోపలికి దిగే చోటు) దాకా కొలవండి. వ్యాసం నికరమైన అడ్డకోతలో, బయటి గోడ నుంచి బయటి గోడకి. ఏటవాలుగా కోసిన స్లైసులో 2 సెం.మీ. టార్గెట్ సులువుగా 3 అవుతుంది.

పెద్దవాళ్లలో ఇంటస్ససెప్షన్ అంటే తొంభై శాతం వెనక ఏదో గడ్డ ఉంటుందని చదువుకుంటాం. ఆ అంకె ఆపరేషన్ చేసినవాళ్ల లెక్కల నుంచి వచ్చింది. పొట్ట తెరిచి చూడాల్సినంత జబ్బు ఉన్నవాళ్లలో కారణం దొరకడంలో వింతలేదు. సీటీలో యాదృచ్ఛికంగా కనబడే పొట్టి జెజునం టార్గెట్లకు ఆ అంకెను అంటగడితే లెక్క తప్పుతుంది. వీటిలో ఎక్కువ భాగానికి ఏ కారణమూ దొరకదు.

దీనికి మినహాయింపు పెద్దపేగు. పెద్దవాళ్లలో కొలోకోలిక్ (పెద్దపేగులో పెద్దపేగు) గానీ, ఇలియోకోలిక్ (చిన్నపేగు చివరి భాగమైన ఇలియం పెద్దపేగులోకి దూరడం) గానీ కనిపిస్తే పొడవు ఎంతైనా సరే, లీడ్ పాయింట్ ఉందనే అనుకోవాలి. అక్కడ సగానికి పైగా క్యాన్సరే, ముఖ్యంగా అడినోకార్సినోమా. 3.5 నియమం చిన్నపేగుది. దాన్ని పెద్దపేగు మీదికి లాగితే ప్రమాదం.

ఫేజుల (కాంట్రాస్టు ఇచ్చాక వేర్వేరు సమయాల్లో తీసే స్కాన్ల) గురించి ఒక మాట. రెండు ఫేజుల సీటీ అయితే రెండోదాన్ని తప్పకుండా చూడండి. ఆర్టీరియల్‌లో ఉండి, 65–70 సెకన్ల పోర్టల్ వీనస్ ఫేజులో లేకపోతే అంతకు మించిన రుజువు అక్కర్లేదు. కాంట్రాస్టు లేని రాయి సీటీలోనూ మెసెంటరీ కొవ్వు వల్ల టార్గెట్ తెలుస్తుంది. కాని గోడకి రక్తం అందుతోందా అన్నది అందులో చెప్పలేం. ఆ ముక్క రిపోర్టులో రాయాలి.

చిన్నిపొట్ట

పిల్లల అల్ట్రాసౌండ్ గురించి నేను రాస్తాను. ఇక్కడ అసలు ప్రశ్న ఒక్కటే: ఇది ఇలియోకోలిక్కా, చిన్నపేగులో చిన్నపేగా? దీన్ని పొరబడితే రెండు వైపులా నష్టమే. చిన్నపేగుదాన్ని ఇలియోకోలిక్ అనుకుంటే బిడ్డకి అక్కర్లేని ఎనీమా (మలద్వారం గుండా గాలి లేదా ద్రవం పంపి పేగుని విడదీసే చికిత్స). పైగా ఎనీమా అక్కడిదాకా చేరదు కూడా. ఇలియోకోలిక్‌ని "అదే పోతుంది" అని పంపేస్తే పేగు చచ్చిపోవచ్చు.

లీనియర్ ప్రోబ్ తీసుకోండి, 7–12 మెగాహెర్ట్జ్ చాలు. కుడి కింది మూల నుంచి మొదలుపెట్టి పెద్దపేగు వెంట కాలేయం కిందికి, అక్కడినుంచి అడ్డంగా ఎడమకి, మళ్లీ కిందికి సిగ్మాయిడ్ (పెద్దపేగు చివరి వంపు) దాకా వెళ్లండి. మెల్లగా నొక్కుతూ గాలిని తప్పించాలి. ఇలియోకోలిక్ చాలావరకు కుడివైపే, తరచూ కాలేయం కింద, పొట్ట గోడకి దగ్గరగా దొరుకుతుంది. చిన్నపేగువి బొడ్డు చుట్టూ, ఎడమవైపు. ఇలియోకోలిక్ దొరకలేదని ఆగిపోకుండా పొట్ట మధ్యభాగం మొత్తం చూడాలి.

కంటికి తెలిసే తేడాలు ఇవి. ఇలియోకోలిక్ వ్యాసం సాధారణంగా 2.5 సెం.మీ. పైన. చిన్నపేగుది ఒకటిన్నర దగ్గర తిరుగుతుంది. ఇలియోకోలిక్‌లో మెసెంటరీ బోలెడంత లోపలికి పోతుంది కాబట్టి మధ్యలో తెల్లటి కొవ్వు మందంగా ఉంటుంది, అందులో లింఫ్ గ్రంథులు కూడా దొరుకుతాయి. చిన్నపేగుదానిలో కొవ్వు సన్నగా, గ్రంథులు దాదాపు లేకుండా ఉంటుంది. ఒక కొలత గుర్తుంచుకోండి: మధ్యలోని కొవ్వు మందాన్ని బయటి నల్లటి గోడ మందంతో భాగించండి. ఒకటి దాటితే ఇలియోకోలిక్ వైపు, ఒకటికి తక్కువైతే చిన్నపేగు వైపు. వ్యాసం 2 నుంచి 2.5 మధ్య ఊగిసలాడేటప్పుడు ఈ నిష్పత్తి బాగా ఆదుకుంటుంది.

ఇక ఎంతసేపు ఆగాలన్న ప్రశ్న. టార్గెట్ దొరకగానే ప్రోబ్ ఎత్తకండి. ముందు అడ్డంగా, తర్వాత నిలువుగా క్లిప్పులు దాచండి, ఆ తర్వాత ప్రోబ్ అక్కడే ఉంచి రెండు మూడు నిమిషాలు చూడండి. మెలికలు తిరుగుతూ విడిపోతే పని అయిపోయినట్టే, ఆ విడిపోవడం కూడా క్లిప్పులో ఉండాలి. విడిపోకపోతే 15–30 నిమిషాల తర్వాత మళ్లీ చూడండి. అప్పటికీ అక్కడే ఉండి, పొడవు 3.5 సెం.మీ. దాటితే సర్జన్‌కి చెప్పాల్సిందే. ప్రోబ్‌తో గట్టిగా నొక్కి విడదీయాలని చూడొద్దు. మనం తెలుసుకోవాల్సింది అది తనంతట తాను పోతుందా లేదా అన్నది, ఒత్తిడితో పోగొడితే ఆ సంగతి తెలియకుండా పోతుంది.

డాప్లర్ (రక్తప్రవాహాన్ని రంగుల్లో చూపేది) పెట్టేటప్పుడు నెమ్మదైన ప్రవాహం కూడా కనబడేలా స్కేలు తగ్గించండి, వాల్ ఫిల్టర్ కూడా తక్కువలో ఉంచండి. ఏడుస్తున్న బిడ్డలో తెర నిండా రంగులు చిమ్ముతాయి, ఊపిరి మధ్య ఆగిన క్షణం దొరికేదాకా ఓపిక పట్టాలి. రక్తప్రవాహం కనిపిస్తే ధైర్యం. కనిపించకపోవడం, దానికితోడు పొరల మధ్య నీరు చిక్కుకుని ఉండటం చెడ్డ సూచనలు. పొట్టలో పొరల బయట కాస్త నీరు ఉండటం వేరు, ఇలియోకోలిక్‌లో అది మామూలే, ఎనీమాకి అడ్డు కాదు. ఈ రెండు నీళ్లనూ రిపోర్టులో ఒకే మాటతో రాసేస్తుంటారు. దయచేసి విడివిడిగా రాయండి.

ఇలియోకోలిక్ కూడా కొన్నిసార్లు దానంతటదే విడిపోతుంది. అందుకే ఎనీమా గదిలో బిడ్డని పడుకోబెట్టాక, గొట్టం పెట్టే ముందు, ఇంకొక్కసారి అల్ట్రాసౌండ్ చూడటం మంచిది. ఒక నిమిషం పని. విడిపోయాక ఇలియం చివరి భాగమూ, సీకంలోకి (పెద్దపేగు మొదలు) తెరుచుకునే కవాటమూ కొంతసేపు వాచే ఉంటాయి, చిన్న వలయంలా కనబడతాయి. లోపల మెసెంటరీ కొవ్వూ, నాళాలూ లేకపోతే అది మిగిలిన వాపే. దాన్ని చూసి "ఇంకా ఉంది" అని మళ్లీ ఎనీమా మొదలుపెడితే తప్పు.

మీరు చెప్పిన కేసులో ఒంటి మీద, కాళ్ల మీద చేతికి తగిలే ఊదారంగు మచ్చలు ఉంటే మాత్రం లెక్క మారుతుంది. ఐజీఏ వాస్క్యులైటిస్‌లో (చిన్న రక్తనాళాలు వాచే జబ్బు) పేగు గోడలోకి రక్తం దిగి అదే లీడ్ పాయింట్‌గా పనిచేస్తుంది. చాలావరకు ఇలియో-ఇలియల్‌గా (ఇలియంలో ఇలియం) వస్తుంది, అది ఎనీమాకి అందదు. చిన్నపేగుదే కదా అని తేలిగ్గా తీసుకోకూడని సందర్భం అది. వాంతిలో పచ్చటి పైత్యం, మలంలో రక్తం, నీరసంగా పడి ఉన్న బిడ్డ, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా కొలత చిన్నదని ఇంటికి పంపకూడదు.

గ్రేస్కేల్

ఇద్దరికీ చాలా కృతజ్ఞతలు. కొవ్వు-గోడ నిష్పత్తి నేను ఎప్పుడూ కొలవలేదు, ఇకనుంచి కొలుస్తాను. ఇంకో రెండు సందేహాలు. సీటీలో కొన దగ్గర గోడ మందంగా ఉంటే అది వాపా, గడ్డా? పొడవు 4 సెం.మీ. ఉండి మిగతా అంతా ప్రశాంతంగా ఉంటే ఏమనాలి?

కొనచూపు

మొదట మీ పాత ప్రశ్న, లైపోమా. ఐదు మిల్లీమీటర్ల స్లైసుల్లో దీన్ని తేల్చడం కష్టం, 1 మి.మీ. సన్న స్లైసులు తెరవండి. తర్వాత మూడు చూడండి. ఎక్కడుంది: మెసెంటరీ కొవ్వు మెడ నుంచి కొన వైపు పోయే కొద్దీ సన్నబడుతుంది. లైపోమా సరిగ్గా కొన దగ్గర, పేగు బోలులోకి పొడుచుకొచ్చి ఉంటుంది. ఆకారం: మెసెంటరీది నెలవంక, లైపోమాది నున్నటి అంచు గల గుండ్రం లేదా కోలగుండ్రం. లోపల ఏముంది: మెసెంటరీ కొవ్వులో నాళాలు తప్పకుండా పోతుంటాయి, వాటిని ఎగువకి అనుసరిస్తే సుపీరియర్ మెసెంటరిక్ కొమ్మల్లో కలుస్తాయి. లైపోమా లోపల అలాంటి నాళాలు ఉండవు. హౌన్స్‌ఫీల్డ్ యూనిట్లు (సీటీలో సాంద్రత కొలత) ఇక్కడ మీకు పెద్దగా సాయపడవు, రెండూ కొవ్వే, రెండూ −100 చుట్టూనే ఉంటాయి. ఒక చిక్కు మాత్రం గుర్తుంచుకోండి. కొనలో కొవ్వు ఉండి, దాని చుట్టూ పేగు గోడలాంటి మందపాటి పొర ఉంటే లోపలికి తిరగబడ్డ మెకెల్ డైవర్టిక్యులమ్ (పుట్టుకతో ఇలియానికి ఉండే చిన్న సంచి) కావచ్చు, ముఖ్యంగా ఇలియంలో. దాన్ని లైపోమా అని రాసేయడం తేలిక.

కొన మందం గురించి. ఇంటస్ససెప్షన్ కొంతసేపు నిలబడితే కొన దగ్గరే ముందుగా వాపు వస్తుంది, ఎందుకంటే అక్కడ గోడ మడత పడుతుంది, సిరలు అక్కడే ముందు నొక్కుకుంటాయి. వాపు అయితే మందం చుట్టూ సమానంగా ఉంటుంది, పొరలు కనిపిస్తాయి: లోపలి పొర మ్యూకోసా మెరుస్తుంది, దాని కింది పొర సబ్‌మ్యూకోసా నల్లగా ఉంటుంది. గడ్డ అయితే ఒక పక్కకే ఉంటుంది, పొరలు చెరిగిపోతాయి, కాంట్రాస్టు చుట్టుపక్కల గోడకన్నా వేరుగా పట్టుకుంటుంది. పోర్టల్ ఫేజులో తేలకపోతే రోగి పాత రికార్డు చూడండి. మెలనోమా (చర్మపు క్యాన్సర్) ఉన్న మనిషి చిన్నపేగులో ఇంటస్ససెప్షన్ కనబడితే పొడవుతో నిమిత్తం లేకుండా మెటాస్టాసిస్ (పాకిన క్యాన్సర్) వెతకాలి. లింఫోమా, జిస్ట్ (పేగు గోడలో పుట్టే ఒక గడ్డ), పాలిప్ కూడా కొనలో కూర్చోగలవు. పెదవుల మీద నల్లమచ్చలు ఉన్నాయేమో వార్డు వాళ్లని అడగండి, పాయిట్జ్-జెఘర్స్ (వంశపారంపర్యంగా పేగులో పాలిప్‌లు వచ్చే జబ్బు) అయితే పాలిప్‌లు ఒకటికి మించి ఉంటాయి.

ఇక 4 సెం.మీ. ప్రశ్న. ఇక్కడ నేను లూపువెంట_లూపు గారి కన్నా కొంచెం జాగ్రత్త వైపు ఉంటాను. 3.5 అన్నది గీసిన గోడ కాదు, అటూ ఇటూ పొరబాట్లు ఉంటాయి. పొట్టిగా ఉన్నా కొనలో గడ్డ ఉంటే అది తాత్కాలికం అనడానికి లేదు. 4 ఉన్నా పొరలు శుభ్రంగా, కొన ఖాళీగా, ఎగువ పేగు మామూలుగా ఉంటే విడిపోయే అవకాశమే ఎక్కువ. కాబట్టి నేను చూసే వరుస ఇది: మొదట ఏ చోట, తర్వాత కొనలో ఏముంది, తర్వాత ఎగువ పేగు ఉబ్బిందా, ఆఖర్న పొడవు. ఎగువ చిన్నపేగు 3 సెం.మీ. దాటి, దిగువ పేగు కుదించుకుని ఉంటే పొడవు అడగాల్సిన పనే లేదు, అది అడ్డంకి.

మరో మోసం: ఇలియం చివర సీకంలోకి కాస్త ముందుకు పొడుచుకు రావడం కొందరిలో సహజం. అడ్డంగా చూస్తే టార్గెట్‌లా ఉంటుంది. కరోనల్‌లో చూస్తే కవాటం పెదవులు, వాటి కొవ్వు తెలిసిపోతాయి. అలాగే మెసెంటరీ నాళాలు సుడి తిరిగి కనిపిస్తే అది వాల్వులస్ (పేగు మెలిపడటం), ఇంటస్ససెప్షన్ కాదు, ఆ రోగికి సమయం ఇంకా తక్కువ.

లూపువెంట_లూపు

కొనచూపు గారి వరుస నాకూ నచ్చింది, ఒప్పుకుంటున్నాను. ఒక్కటి చేరుస్తాను: కేవలం "పోయిందా లేదా" చూడటానికి పూర్తి కాంట్రాస్టు సీటీ మళ్లీ తీయమని రాయకండి. లక్షణాలు లేని మనిషికి అంత రేడియేషన్ అనవసరం. సన్నగా ఉన్నవాళ్లలో అల్ట్రాసౌండ్ చాలు. స్కానర్ మీద ఇంకా పడుకునే ఉంటే, సందేహం నిజంగా పెద్దదైతే, ఆ భాగానికి మాత్రమే తక్కువ డోసుతో ఆలస్యపు స్లైసులు తీసుకోవచ్చు.

కత్తిపట్టినవాడు

రిపోర్టు చదివే వైపు నుంచి రాస్తున్నాను, సర్జన్‌ని. ఇంప్రెషన్‌లో (రిపోర్టు చివరి ముగింపులో) ఒంటరిగా "ఇంటస్ససెప్షన్ ఉంది" అని ఉంటే దాంతో మేం ఏం చేయలేం. డ్యూటీ డాక్టర్ రోగికి నోటి ద్వారా ఏమీ ఇవ్వొద్దని రాస్తాడు, రైల్స్ ట్యూబ్ (ముక్కు గుండా జీర్ణాశయంలోకి గొట్టం) వేస్తాడు, సర్జన్‌కి ఫోన్ చేస్తాడు. రిపోర్టులో ఇంకో మూడు వాక్యాలు ఉంటే అవేవీ జరిగేవి కావు.

మాకు కావలసిన వాక్యాలు ఇలా ఉంటే చాలు:

"ఎడమ పైభాగంలో జెజునో-జెజునల్ ఇంటస్ససెప్షన్, పొడవు 2.2 సెం.మీ., వ్యాసం 2.4 సెం.మీ. కొనలో లీడ్ పాయింట్ కనిపించలేదు. ఎగువ పేగు ఉబ్బలేదు. గోడ మందం, కాంట్రాస్టు మామూలుగా ఉన్నాయి. పొరల మధ్య నీరు, పొట్టలో నీరు, గోడలో గాలి లేవు. పోర్టల్ ఫేజులో ఇది కనిపించలేదు. ఇంప్రెషన్: తాత్కాలిక చిన్నపేగు ఇంటస్ససెప్షన్, యాదృచ్ఛికంగా కనబడింది. అడ్డంకి లేదు. కడుపునొప్పి, వాంతులు ఉంటే మళ్లీ పరీక్షించాలి."

రెండో ఫేజు లేకపోతే ఆ వాక్యం తీసేసి, "ఒకే ఫేజు, విడిపోవడం చూడలేదు" అని రాయండి. "తాత్కాలికం" బదులు "తాత్కాలికమైనదిగా అనిపిస్తోంది" అనండి. ఈ రెండింటి మధ్య తేడా మాకు పెద్దది. మొదటిదాంట్లో మీరు చూశారు, రెండోదాంట్లో ఊహిస్తున్నారు.

ఈ నియమాలన్నీ పక్కన పెట్టాల్సిన రోగి ఒకరున్నారు. బరువు తగ్గే ఆపరేషన్లలో రూ-ఎన్-వై గ్యాస్ట్రిక్ బైపాస్ (జీర్ణాశయాన్ని చిన్నది చేసి పేగుని Y ఆకారంలో కలపడం) చేయించుకున్నవాళ్లు. వీళ్లలో ఇంటస్ససెప్షన్ జెజునో-జెజునాస్టమీ (జెజునంని జెజునంకే కలిపి కుట్టిన చోటు) దగ్గర వస్తుంది, చాలాసార్లు తలకిందులుగా, అంటే దిగువ పేగు ఎగువకి దూరుతుంది. లీడ్ పాయింట్ ఉండదు. నొప్పి వచ్చి పోతుంటుంది, సీటీ తీసే సమయానికి పోయి ఉండొచ్చు కూడా. "లీడ్ పాయింట్ లేదు కాబట్టి పరవాలేదు" అన్న తర్కం వీళ్లకి వర్తించదు, గోడకి రక్తం ఆగిపోయేదాకా వెళ్లగలదు. కుట్టు దగ్గర టార్గెట్ కనిపించి, మనిషికి నొప్పి ఉంటే పొడవు ఎంతని చూడకుండా ఫోన్ చేయండి. స్టేపుల్ వరుస సీటీలో తెల్లగా మెరుస్తుంది, దాన్ని వెతికి పట్టుకుని దానికి ఎంత దూరంలో ఉందో రాయండి. ఫీడింగ్ జెజునాస్టమీ ట్యూబు (జెజునంలోకి ఆహారం పంపే గొట్టం) ఉన్నవాళ్లలో ట్యూబు చుట్టూ, దాని కొన దగ్గర కూడా పేగు ఇలాగే ముడుచుకుంటుంది. అక్కడ వాంతులు ఉంటే ట్యూబు మార్చడమో, వెనక్కి లాగడమో చేస్తే సరిపోవచ్చు.

చిన్నిపొట్ట

కత్తిపట్టినవాడు గారి రిపోర్టు నమూనాకి పిల్లల కోసం ఒక చేర్పు: "ఇలియోకోలిక్ కాదు, పెద్దపేగు మొత్తం చూశాం, సీకం తన చోటే ఉంది" అన్న వాక్యం తప్పకుండా ఉండాలి. పిల్లల డాక్టర్ మొదట వెతికేది దాన్నే. స్కాన్ చేసిన సమయం, మళ్లీ చూసిన సమయం రెండూ గడియారం ప్రకారం రాయండి.

గ్రేస్కేల్

చాలా స్పష్టంగా ఉంది. ఆఖరిగా, ఒకే మనిషికి ఆరు నెలల తేడాతో రెండు స్కాన్లలో చిన్నపేగు ఇంటస్ససెప్షన్ కనబడితే? లీడ్ పాయింట్ రెండింట్లోనూ లేదు.

మెల్లగాకదిలే

రెండు సార్లూ ఒకే చోట ఉందా, వేర్వేరు చోట్లా అన్నది ముందు చూడండి. ఒకే లూపులో పదే పదే వస్తుంటే అక్కడ ఏదో ఉందని అనుమానించాలి, సీటీలో కనబడనంత చిన్న పాలిప్ కావచ్చు. చోటు మారుతుంటే గోడ మొత్తం మీద ప్రభావం చూపే జబ్బు గురించి ఆలోచించాలి.

అందులో మొదటిది సీలియాక్ జబ్బు (గోధుమల్లోని గ్లూటెన్ వల్ల చిన్నపేగు దెబ్బతినడం). లూపులు వదులుగా, కొంచెం వెడల్పుగా, నీటితో నిండి ఉంటాయి, కదలిక అస్తవ్యస్తంగా ఉంటుంది, దాంతో టార్గెట్లు వచ్చి పోతుంటాయి. అదే సీటీలో ఇంకా చూడండి: జెజునంలో మడతలు తగ్గి ఇలియంలో పెరిగి ఉంటాయి, అంటే రెండూ తారుమారైనట్టు. మెసెంటరీలో లింఫ్ గ్రంథులు పెద్దవై ఉండొచ్చు, ప్లీహం చిన్నదిగా ఉండొచ్చు. ఇవి కలిసి కనబడితే టిష్యూ ట్రాన్స్‌గ్లుటామినేజ్ ఐజీఏ (సీలియాక్‌ని పట్టే రక్తపరీక్ష), దాంతోపాటు మొత్తం ఐజీఏ పరీక్ష సూచించండి. రెండోది ఎందుకంటే, ఐజీఏ పుట్టుకతోనే తక్కువ ఉన్నవాళ్లలో మొదటి పరీక్ష తప్పుగా నెగెటివ్ వస్తుంది. పరీక్ష పూర్తయ్యేదాకా గ్లూటెన్ మానొద్దని కూడా రోగికి చెప్పాలి, మానేస్తే పరీక్షలూ బయాప్సీ కూడా దారి తప్పుతాయి. క్రోన్స్‌లో (పేగు గోడ దీర్ఘకాలం వాచే జబ్బు) కూడా ఇది కనబడుతుంది, అయితే అక్కడ గోడ మందం, స్ట్రిక్చర్ (పేగు సన్నబడిన చోటు) సాధారణంగా ముందే దొరుకుతాయి.

తేలకపోతే తర్వాతి మెట్టు ఎమ్మార్ ఎంటెరోగ్రఫీ (చిన్నపేగుకి తీసే ఎమ్మారై). రేడియేషన్ లేదు కాబట్టి ఎంతసేపైనా చూడవచ్చు. ఒకటి నుంచి ఒకటిన్నర లీటర్ల మానిటాల్ లేదా పాలీఇథిలీన్ గ్లైకాల్ ద్రవం 45–60 నిమిషాల్లో తాగించాక, హయోసిన్ (పేగు కదలికను ఆపే మందు) ఇవ్వకముందే కరోనల్ సినీ సీక్వెన్సులు (కదలికను వీడియోలా చూపేవి) తీయాలి. ఈ వరుస తారుమారైతే చూడాల్సిన కదలికే ఆగిపోతుంది. ప్రొటోకాల్‌లో సినీ హయోసిన్ తర్వాత ఉంటే టెక్నీషియన్‌కి ముందే చెప్పి మార్పించండి. సినీలో ఒక చోట ముడుచుకుని, విడిపోయి, ఇంకో చోట ముడుచుకుంటే లీడ్ పాయింట్ లేనట్టే. ప్రతిసారీ అదే చోట ఆగిపోతుంటే, హయోసిన్ ఇచ్చాక తీసిన కాంట్రాస్టు సీక్వెన్సులో ఆ ముక్కనే దగ్గరగా చూడండి. డిఫ్యూజన్‌లో (ఎమ్మారైలో మరో రకం సీక్వెన్సు) మామూలుగా ముడుచుకున్న జెజునం కూడా మెరుస్తుంది, దాని ఒక్కదాని మీదే గడ్డ అనొద్దు.

క్యాప్సూల్ ఎండోస్కోపీ (మింగే చిన్న కెమెరా పరీక్ష) అడిగేముందు సన్నబడిన చోటు ఏదైనా ఉందేమో ఎంటెరోగ్రఫీలో చూసుకోండి. స్ట్రిక్చర్ గానీ గడ్డ గానీ ఉందన్న అనుమానం ఉంటే ముందు కరిగిపోయే పేటెన్సీ క్యాప్సూల్ (దారి తెరిచి ఉందో చూసే ఉత్తుత్తి గుళిక) మింగించి, అది అడ్డంకి లేకుండా దాటిందని తేలాకే అసలు క్యాప్సూల్ ఇవ్వాలి. లేకపోతే కెమెరా ఆ చోటే ఇరుక్కుని, అడ్డంకిని మనమే తెచ్చిపెట్టినట్టవుతుంది.